బయటి చుట్టు

మిర్యాలగూడలో లక్ష్మీనర్సయ్య రైస్‌మిల్లు వెనకాలే వాళ్ల ఇల్లు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ ఇంట్లో కాసేపు ఎవరికీ ఎవరితోనూ పని ఉండదు. లక్ష్మీనర్సయ్య హాల్లో ఫ్యాను కింద నడుం వాలుస్తాడు. కొడుకు రితేష్ మిల్లు దగ్గరే ఉంటాడు. కోడలు వాసవి తను పాఠాలు చెప్పే బడి నుంచి సాయంత్రానికి గానీ రాదు. సరిగ్గా ఆ వేళకి లక్ష్మీనర్సయ్య భార్య కృష్ణకుమారి వంటింటి గట్టు తుడిచి, తడిచేతులు కొంగుకి అద్దుకుని, కళ్లజోడు పెట్టుకుని, గెలాక్సీలు చూడ్డానికి కూర్చుంటుంది.

నవ్వొస్తే నవ్వుకోండి. ఆ ఇంట్లోవాళ్లు నవ్వీ నవ్వీ అలిసిపోయారు. "మీ అమ్మ కనవడ్తలేదు, ఊరికి పోయిందా?" అని మిల్లు దగ్గర ఎవరైనా అడిగితే రితేష్ వేలు ఆకాశంకేసి చూపించి "ఆడ ఉన్నది" అనేవాడు. అడిగినవాళ్ల గుండె ఒక్క క్షణం ఆగినంత పనయ్యేది. ఈ సంగతి తెలిసి కృష్ణకుమారి కొడుక్కి నాలుగు చీవాట్లు పెట్టింది కానీ, ఆ మాట అబద్ధమని మాత్రం అనలేదు.

ఈ సరదా వాసవి అంటించిందే. టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. పంపింది దీప అనే అమ్మాయి. మేళ్లచెరువు పిల్ల, సిమెంటు ఫ్యాక్టరీలో లోడింగు పని చేసే డేవిడ్ కూతురు, హైదరాబాదులో ఉండి గెలాక్సీల మీద పరిశోధన చేస్తోంది. ఓ పెద్ద టెలిస్కోపు ఆకాశాన్ని జల్లెడ పట్టి లక్షల గెలాక్సీల ఫొటోలు తీసింది, వాటిని ఒక్కొక్కటే చూసి ఆకారం చెప్పే మనుషులు కావాలి, డిగ్రీలు అక్కర్లేదు, ఓపికున్న కళ్లు చాలు అని ఆ మెసేజ్ సారాంశం.

"అత్తమ్మా, గిది మీకు సరిగ్గ సరిపోతది" అంటూ వాసవి ఆ యాప్‌ని ట్యాబ్‌లో ఎక్కించి ఇచ్చింది. దాని పేరు నింగిచూపు.

పని చూడ్డానికి తేలికే. తెర మీద ఒక గెలాక్సీ వస్తుంది. అది నున్నగా ఉండలా ఉందా, సుడి తిరిగి ఉందా అని అడుగుతుంది. సుడి తిరిగినదైతే ఎన్ని చేతులున్నాయో చెప్పాలి. ఒక్కో చేతి మీదా వేలితో గీత గీసి చూపించాలి. ఆ చేయి కేంద్రం దగ్గర బయలుదేరి బయటికి ఎటు చుట్టుకుంటోందో చెప్పాలి. దానికి మూడు మీటలు. గడియారం ముల్లు తిరిగే వైపు, దానికి ఎదురు వైపు, మూడోది చెప్పలేను.

మొదటి రోజు తెర మీద వచ్చిన సుడిని చూసి కృష్ణకుమారి చాలాసేపు వేలు కదపలేదు. నడిమధ్యలో పసుపుపచ్చని కాంతి ముద్ద. దాని నుంచి రెండు నీలి చేతులు బయలుదేరి, ఒకదాని వెనక ఒకటి మెల్లిగా చుట్టుకుంటూ, పలచబడి, చీకట్లో కలిసిపోతున్నాయి. చేతుల పొడుగునా అక్కడక్కడా కుంకుమ చల్లినట్టు ఎర్రటి చుక్కలు. మధ్యలో పసుపుగా ఉన్నవి ముసలి నక్షత్రాలనీ, నీలంగా ఉన్నవి కొత్తగా పుట్టినవనీ, ఆ కుంకుమ చుక్కలున్న చోట ఇంకా పుడుతున్నాయనీ కింద రాసి ఉంది. ఆ సాయంత్రం వాసవి బడి నుంచి వచ్చి చెప్పులైనా విప్పకముందే కృష్ణకుమారి పట్టుకుంది.

"వాసవీ, గిది మనకు ఎంత దూరం ఉంటదే?"

"అక్కడ బయలెల్లిన వెలుగు ఈడికి రావాలంటే కోట్ల ఏండ్లు పడ్తదట అత్తమ్మా."

"అంటే ఇప్పుడు నేను చూసేది ఇప్పటిది గాదా?"

"కాదు. గప్పటిది. ఫొటో కొత్తది, వెలుగు పాతది."

కృష్ణకుమారికి ఆ రాత్రి అన్నం సహించలేదు. దిగులుతో కాదు. ఇంత అందం ఇన్ని కోట్ల ఏళ్లుగా ఎవరూ చూడకుండానే వెలుగుతూ ఉందన్న ఆశ్చర్యంతో. సూర్యాపేటలో ఇంటర్ దాకా చదివి, పెళ్లై ఈ మిల్లు ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి ఆమె చూసిన పెద్ద విశేషాలన్నీ కలిపినా ఆ ఒక్క ఫొటోకి సరిపోవనిపించింది. మర్నాటి నుంచి ఆమె మధ్యాహ్నం నిద్ర మానేసింది.

గడియారం ముల్లు అనే మాట ఆమెకి ఒంటికి పట్టలేదు. గడియారాన్ని ఎవరు అంత పరీక్షగా చూస్తారు? ఆమె దాన్ని తనకి తెలిసిన మాటల్లోకి మార్చుకుంది. గుళ్లో నవగ్రహాల చుట్టూ మనం తిరిగే వైపు ప్రదక్షిణం, దానికి ఎదురుగా పోయేది అప్రదక్షిణం. ఇలా అనుకున్నాక పని పరుగెత్తింది. ప్రతి గెలాక్సీ మధ్యలో ఓ మూర్తి ఉన్నట్టూ, తను తడిపాదాలతో ఆ చేతుల వెంట నడుచుకుంటూ బయటికి పోతున్నట్టూ ఊహించుకునేది. ఎడమ భుజం దేవుడి వైపు పడితే అప్రదక్షిణమని ఆగేది, లేకపోతే ప్రదక్షిణమని సాగిపోయేది.

మూడో మీట, చెప్పలేను అన్నది మాత్రం ఆమె ఎన్నడూ నొక్కలేదు. దానికి కారణం ఆ ఇంటి అలవాటు. రైతు గుప్పెడు వడ్లు తెచ్చి చేతిలో పోస్తే, ఊక ఊది, గింజ కొరికి, అప్పటికప్పుడు ఒక మాట చెప్పాలి. "శాంపిల్ చూసి మాట చెప్పలేనోడు మిల్లు మూసుకొని ఇంట్ల కూసోవాలె" అని లక్ష్మీనర్సయ్య కొడుక్కి రోజూ నూరిపోసేవాడు. వంటింట్లోంచి ఆ మాట వినీ వినీ కృష్ణకుమారికి నరనరానా జీర్ణించిపోయింది. ఆమె చేతిలో ఎవరూ శాంపిల్ పోయలేదు. వడ్లు కొనేటప్పుడు గానీ మర మార్చేటప్పుడు గానీ ఆమె మాట ఎవరూ అడిగింది లేదు. ఇన్నేళ్లకి ఈ తెర అడుగుతోంది. అడిగిన చోట చెప్పలేను అనడమా? ససేమిరా! ఫొటో మరీ మసకగా ఉండి సుడి ఎటు పోతోందో తేలకపోతే, కళ్లు చికిలించి చూసేది. చూడగా చూడగా అది ప్రదక్షిణంగానే కనిపించేది. నిశ్చింతగా మీట నొక్కేది.

అలాంటి మధ్యాహ్నాల్లో ఒకనాడు ఆ గెలాక్సీ వచ్చింది.

మన కంటికి దాదాపు ఎదురుగా తిరిగి ఉన్న సుడి. లోపలి రెండు చేతులూ పొందికగా, ప్రదక్షిణంగా చుట్టుకుని ఉన్నాయి. ఇంతవరకూ వింతేం లేదు. మీట నొక్కబోతూ ఆమె ఆగింది. ఆ చేతులు అయిపోయిన చోట, ఇంకా బయట, ఉందా లేదా అన్నంత పలచగా మరో చుట్టు ఉంది. కిటికీ తలుపు వేసి, తెర వెలుగు పెంచి చూసింది. ఉంది. గంజి తెట్టులాంటి సన్నటి చార. వేలు దాని మీద పెట్టి మెల్లిగా నడిపింది. వేలు ఎటు పోవాలో అటు పోలేదు. లోపలి చేతులకి ఎదురుగా పోయింది.

ఆ వైపు నడిచేది చితి చుట్టూ మాత్రమే. ఇంత చక్కటి దాన్ని పట్టుకుని ఆ మాట ఎలా అనడం? కళ్లజోడు తుడిచి మళ్లీ చూసింది. ట్యాబ్ దూరం పెట్టి చూసింది. లేచి మంచినీళ్లు తాగొచ్చి చూసింది. ప్రదక్షిణంగా కనబడమని ఆమె మనసు ఎంత బతిమాలినా ఆ బయటి చుట్టు వినలేదు. హాల్లో లక్ష్మీనర్సయ్య నిద్ర లేచి టీ అడిగే వేళకి, కృష్ణకుమారి లోపల్లోపల చెంపలేసుకుని, బయటి చేతికి ఎదురు వైపు అనే మీట నొక్కేసింది.

ఇంకొన్నాళ్లకి అలాంటిదే మరొకటి వచ్చింది. దీనికీ బయట పలచటి చుట్టు ఉంది. కాకపోతే ఇది తిరగబడ్డ బేరం. లోపలి చేతులు అప్రదక్షిణం, బయటిది ప్రదక్షిణం. అలాగే గీసి అలాగే నొక్కింది. "అక్కచెల్లెండ్లు గావొచ్చు" అనుకుని మురిసిపోయింది కూడా.

ఆ సంబరం మీద దీప పంపిన వాయిస్ మెసేజ్ నీళ్లు చల్లింది. యాప్‌లో పనిచేసే ప్రతి ఒక్కరికీ దీప విడివిడిగా మెసేజ్ పెట్టింది. కృష్ణకుమారికి వచ్చింది ఇది:

"అమ్మా, నమస్తే. మీకు చెప్పకుండా ఒక పరీక్ష పెట్టాం, ఏమనుకోకండి. ప్రతి ఫొటో మీకు రెండుసార్లు వచ్చింది. ఒకసారి ఉన్నదున్నట్టు, ఇంకోసారి అద్దంలో చూపించినట్టు తిప్పి. తిప్పితే సుడి కూడా ఎదురు తిరగాలి కదా. స్పష్టంగా ఉన్న ఫొటోల్లో మీ జవాబు ఒక్కటి కూడా తప్పలేదమ్మా. కానీ మసకగా ఉన్నవాటిలో రెండుసార్లూ గడియారం వైపే అన్నారు. అంటే అక్కడ కన్ను చూడట్లేదు, అలవాటు చెప్తుంది. అందుకని మసక ఫొటోల్లో మీ జవాబులన్నీ పక్కన పెడుతున్నాం. సోమవారం ఇంకా పెద్ద టెలిస్కోపు ఉన్నవాళ్లకి ముఖ్యమైన గెలాక్సీల పేర్లు పంపాలి. వాళ్లు కొన్నిటినే మళ్లీ బాగా చూస్తారు. మీరు చేసిన సాయానికి చాలా థాంక్సమ్మా."

కృష్ణకుమారి ఆ మెసేజ్ మళ్లీ మళ్లీ విన్నది. అవమానం ముందొచ్చింది. దాని వెనకే భయం వచ్చింది. తన అక్కచెల్లెళ్లు అక్కచెల్లెళ్లు కాదు, ఒకటే గెలాక్సీ. సరే, పోనీ. కానీ దాని బయటి చుట్టు మసకకే మసక. మిగతా జవాబులతో పాటు అది కూడా చెత్తబుట్టలో పడుతుంది. పెద్ద టెలిస్కోపు అటు తిరగదు. అంత అపురూపమైన చుట్టు అక్కడ ఉందని ఇక ఎవరికీ తెలియదు. ఉన్నదని తెలిసిన ఒకే ఒక్క మనిషి మాట చెల్లదన్నారు.

"పక్కన పెట్టిన్రంటే ఏంది? రిజెక్టు చేసిన్రు. మాల్ వాపస్" అన్నాడు లక్ష్మీనర్సయ్య, మెసేజ్ విని. ఎగతాళిగానే అన్నాడు కానీ భార్య మొహం చూసి కాస్త తగ్గాడు. "పోనీ తియ్యవే. చుక్కలు నీకేం బాకీ లేవు గదా."

ఆమె దీపకి ఫోన్ చేస్తే కలవలేదు. శనివారం దీప కోదాడలో ఒక జూనియర్ కాలేజీకి ఉపన్యాసం ఇవ్వడానికి వస్తోందని గ్రూపులో ఉంది. శనివారం పొద్దున్నే కృష్ణకుమారి స్టీలు డబ్బాలో సకినాలు సర్దుకుని, హుజూర్‌నగర్ మీదుగా పోయే కోదాడ బస్సెక్కింది. ఎక్కడికని మొగుడు అడిగితే "మాల్ వాపస్ తెచ్చుకునేటందుకు" అంది.

కాలేజీలో దీప ఉపన్యాసం అప్పుడే అయింది. చుట్టూ మూగిన పిల్లల్ని దాటుకుని ఫిజిక్స్ ల్యాబులోకి వచ్చి, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని మంచినీళ్లు తాగుతోంది. సన్నగా, చామనఛాయగా, కళ్ల కింద నిద్రలేమి నలుపుతో ఉంది. గుమ్మంలో నిలబడ్డ పెద్దావిణ్ని చూసి ఎవరో స్టూడెంటు తల్లి అనుకుంది.

"నేను మిర్యాలగూడ కృష్ణకుమారిని, బిడ్డా. నువ్వు పక్కనపెట్టినదాన్ని."

దీప గబుక్కున లేచింది. "అమ్మా! ఇంత దూరం వచ్చారా? కూర్చోండి, కూర్చోండి. రెండ్రోజులుగా మా ఊళ్లో ఉన్నా, అక్కడ ఫోన్ సరిగ్గా కలవదు. అయినా పక్కనపెట్టింది మిమ్మల్ని కాదమ్మా."

"నన్ను గాదు, నా మాటని. రెండు ఒకటేనా కాదా అన్నది తర్వాత మాట్లాడుకుందం గానీ, ముందు ఇది తిను. పొద్దట్నుంచి ఏం తిన్నట్టు లేవు."

దీప సకినం అందుకుని కొరికింది. కృష్ణకుమారి ఎదురుగా స్టూలు మీద కూర్చుని, దారి పొడుగునా కూడబలుక్కున్న వాదనలన్నీ మర్చిపోయి, ఉన్న నిజం చెప్పేసింది.

"నువ్వు చెప్పింది కరెక్టే. మసకగ ఉన్న కాడ నాకు ఏం కనవడలే. కనవడలేదని ఒప్పుకోబుద్ధి గాలే. మా ఇంట్ల శాంపిల్ చూసి చెప్పలేను అంటే నామోషి. ఇగ ఏం చెయ్యాలె? నవగ్రహాల చుట్టు తిరిగినట్టు అన్నిట్ని ప్రదక్షిణం చేసిన. మసకవన్నీ తీసెయ్, బిడ్డా. నేనే చెప్తున్న, అవి తప్పులే."

దీప నమలడం ఆపింది. వాలంటీర్లు మెయిళ్లు పెట్టి తిట్టడం ఆమెకి అలవాటే. తప్పులే తీసెయ్యమని బస్సెక్కి వచ్చి చెప్పినవాళ్లు ఇదివరకు లేరు.

"నాకూ అట్లనే అయితదమ్మా" అంది మెత్తగా. "బాగా అలిసిపోతే నా కంటికి అన్నీ ఎడమకే తిరుగుతాయి. అందుకే నాక్కూడా ఈ పరీక్ష పెట్టుకున్నా."

"అయితే ఇను. అన్నీ తీసెయ్. ఒక్కటి మాత్రం తియ్యకు." కృష్ణకుమారి స్టూలు ముందుకి జరుపుకుంది. "ఒకదానికి బయట సన్నగ ఇంకో చెయ్యి ఉన్నది. లోపలి రెండు ఇటు పోతే అది అటు పోతది. నేను దానికి ఎదురు వైపు నొక్కిన."

"అది కూడా మసకదేనమ్మా. మిగతా వాలంటీర్లు ఎవరూ ఆ చేతిని గీయలేదు. నేను చూస్తే నాకూ తేలలేదు. మీ ఒక్కరి మాట మీద..."

"నా మాట మీద వద్దు. నా తప్పు మీద చూడు." ఆమె గొంతు కొంచెం పెరిగింది. "నీ మెసేజ్‌ల నువ్వే అన్నవు గదా, నా అలవాటు ఎప్పుడు ఒకటే వైపు చెప్తదని. మరి దీనికి ఎదురు వైపని ఎవలు చెప్పిన్రు? ఆ వైపు మేము చితి చుట్టు తప్ప నడవం. ఆ మాట ఎట్ల అనాలె అని పొద్దూకే దాక వేలు పైకెత్తుకొని కూసున్న. ప్రదక్షిణం అని అబద్ధమాడేటోళ్లకు అప్రదక్షిణం అని అబద్ధమాడుడు వస్తదా బిడ్డా? ఉన్నది గాబట్టే అన్న."

దీప చేతిలోని సకినం ముక్క బల్ల మీద పెట్టి, వేళ్లు తుడుచుకుని, ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. ఏదో వెతికింది. తెర మీద ఆ గెలాక్సీ పక్కపక్కనే రెండుసార్లు కనిపించింది. ఎడం పక్కన ఉన్నదున్నట్టు, కుడి పక్కన అద్దంలోది. రెంటి మీదా కృష్ణకుమారి వేలితో గీసిన గీతలు ఎర్రగా ఉన్నాయి.

దీప కుడి పక్క ఫొటోని మళ్లీ తిప్పి, ఎడం పక్కదాని మీదికి జరిపింది. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఒంపు ఉన్నచోట ఒంపు, తెగినచోట తెగుడు. రెండు వేర్వేరు రోజుల్లో, రెండూ వేర్వేరు గెలాక్సీలనుకుని గీసిన గీతలు అవి.

"అమ్మా" అంది దీప. "రెండోసారి వచ్చినప్పుడు బయటి చేతిని ఏమన్నారో గుర్తుందా?"

"గుర్తులేకేం. అది వేరేదనుకున్న. దీని చెల్లె అనుకున్న. దాంట్ల లోపలివి అప్రదక్షిణం, బయటిది ప్రదక్షిణం."

"తిప్పితే తిరిగింది" అంది దీప. "మసకవాటన్నిటిలో ఇది ఒక్కటే తిరిగింది. నేను అన్నీ కలిపి లెక్కగట్టి తీసేశాను. విడిగా చూడలేదు. చూడాల్సింది."

"ఏం గాదు బిడ్డా. ఆగమాగంల గింజలు ఏరితే మంచిది కూడ చేటలకెళ్లి పోతది." కృష్ణకుమారి తెర మీదికి వంగి తన గెలాక్సీని మళ్లీ కళ్లారా చూసుకుంది. "సూర్యాపేటల మా చెల్లెది ఎడమచెయ్యి వాటం. అందరం కూసొని సకినాలు చుడ్తే దానిది ఉల్టా చుట్టు తిరిగేది. గంపెడు సకినాల్ల కూడ అది చుట్టింది ఏదో నేను చెప్పేదాన్ని. ఇది కూడ గట్లనే ఉన్నది. లోపల కుడిచేతోళ్లు చుట్టిన్రు, బయట మా చెల్లె లాంటిది చుట్టింది. ఎందుకట్ల అయితదే?"

దీప ఆనందంగా చెప్పుకుంటూ పోయింది. మామూలుగా ఒక గెలాక్సీ చేతులన్నీ ఒకే వైపు చుట్టుకుంటాయి. రెండు వైపులా చుట్టుకున్నవి ఇంతవరకూ చాలా అరుదుగా దొరికాయి. ఎప్పుడో ఒక చిన్న గెలాక్సీ దీని పక్కనుంచి రాసుకుపోయి ఉండొచ్చు, లేదా ఇదే దాన్ని మింగేసి ఉండొచ్చు. ఆ కుదుపు ఇంకా చల్లారక బయటి చుట్టు ఎదురు తిరిగి ఉంటుంది. ఇది ఇరవై కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అక్కడ ఈ వెలుగు బయలుదేరేనాటికి ఇక్కడ మనిషన్నవాడే లేడు.

"మనిషి పుట్టి, చదువు నేర్చి, అద్దాలు సానబెట్టి, అప్పుడు చూసిండు" అంది కృష్ణకుమారి. "అది మాత్రం అప్పట్నుంచి వస్తనే ఉన్నది. ఎంత ఓపిక తల్లీ దానికి!"

సోమవారం పంపిన పేర్లలో ఆ గెలాక్సీ ఉంది.

తర్వాత చాలా నెలలు ఏ కబురూ లేదు. కృష్ణకుమారి ఎవరినీ అడగలేదు. మసక ఫొటోలు వచ్చినప్పుడు మాత్రం మీట నొక్కకుండా తెర ఆపేసేది. తను తప్పు చూసి ఉంటే? ఒక పిల్ల తన మాట నమ్మి పెద్దవాళ్ల ముందు నిలబడింది. అక్కడేమీ లేదని తేలితే పోయేది తన ఒక్కదాని పరువు కాదు. వరి కోతలు అయ్యాయి. మిల్లు ముందు వడ్ల ట్రాక్టర్లు బారులు తీరాయి. ఆమె గుళ్లో తిరిగే ప్రతి ప్రదక్షిణంలోనూ ఎదురు తిరిగిన ఆ చుట్టే మనసులో మెదిలేది.

క్రిస్మస్‌కి మేళ్లచెరువు వస్తూ దీప దారి మార్చుకుని మిర్యాలగూడలో దిగింది. ఒక చేతిలో కేకు డబ్బా, ఇంకో చేతిలో అట్టగొట్టంలో చుట్టిన పెద్ద ఫొటో. భోజనం ముగించి లేచిన లక్ష్మీనర్సయ్య ఆ రోజు నడుం వాల్చలేదు. అందరూ హాల్లో చేరారు. రితేష్ కూడా మిల్లు నుంచి వచ్చాడు.

దీప ఫొటో విప్పి బల్ల మీద పరిచి నాలుగు మూలలా గ్లాసులు పెట్టింది. పెద్ద టెలిస్కోపు ఆ గెలాక్సీకేసి చాలాసేపు కన్నార్పకుండా చూసి తీసిన ఫొటో అది. మధ్యలో పసుపు ముద్ద ఇప్పుడు ముద్దలా లేదు, లెక్కకందని చుక్కల పోగులా ఉంది. లోపలి రెండు చేతుల్లోని నీలం కళ్లకి చల్లగా తగిలింది. చేతుల లోపలి అంచు వెంట నల్లటి దుమ్ము దారులు, దుమ్ము వెనక కుంకుమ చుక్కలు. వాటన్నిటికీ బయట, ఒకప్పుడు గంజి తెట్టంత పలచగా ఉన్న ఆ చార ఇప్పుడు పొడవైన వెండి చేయిలా చాచుకుని, లోపలివాటికి ఎదురుగా, గెలాక్సీని సగం పైగా చుట్టేసి ఉంది.

కృష్ణకుమారి కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. తుడవాల్సింది కళ్లజోడు కాదని అందరికీ తెలుసు. తన జన్మలో ఇంత అందమైనది చూస్తాననీ, దాన్ని చూడమని లోకానికి తనే చెప్పాల్సి వస్తుందనీ ఆమె అనుకోలేదు.

లక్ష్మీనర్సయ్య గ్లాసులు పక్కకి జరిపి ఫొటోని రెండు చేతులా ఎత్తుకున్నాడు. శాంపిల్ చూసినట్టే గుమ్మంలో ఎండ వెలుగులోకి తీసుకుపోయి, అటూ ఇటూ వంచి, ఎంతోసేపు చూశాడు.

"బయటిది ఉల్టా పోతున్నది" అన్నాడు చివరికి.

"మీ ఇంట్లో అమ్మ ఆ మాట మొన్న వానాకాలమే చెప్పారండీ" అంది దీప. "దీని గురించి మేం రాసే వ్యాసంలో ఈ చేతిని మొదట గుర్తించింది మిర్యాలగూడ కృష్ణకుమారి అని రాశాం."

"మిల్లు పేరు గూడ రాసిన్రా?" అన్నాడు రితేష్.

"నువ్వు నోరు మూసుకోరా" అన్నాడు తండ్రి. ఫొటోని జాగ్రత్తగా చుట్టి, తన చేతిలోనే ఉంచుకున్నాడు.

దీప కేకు కోసి అందరికీ పెట్టి, సకినాల డబ్బా పట్టుకుని మేళ్లచెరువు బస్సెక్కింది. రితేష్ మిల్లుకి పోయాడు. ఇల్లు సద్దుమణిగాక కృష్ణకుమారి ట్యాబ్ తెరిచింది. ఎన్నడూ లేనిది లక్ష్మీనర్సయ్య వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు.

తెర మీద ఒక గెలాక్సీ వచ్చింది. పొగమంచులో దీపంలా ఉంది. సుడి ఉన్నట్టే ఉంది, ఎటు పోతోందో తెలియడం లేదు.

"గిది ఎటు తిరుగుతున్నదే?" అని అడిగాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఆమె చేతిలో పోసిన మొదటి శాంపిల్ అది.

కృష్ణకుమారి కళ్లు చికిలించింది. దగ్గరగా చూసింది, దూరంగా చూసింది. ప్రదక్షిణంగా కనబడ్డానికి అది సిద్ధంగానే ఉంది. ఆమె వేలు పోయి మూడో మీట మీద ఆగింది.

"చెప్పలేను" అని నొక్కింది.

"అదేందే! గంత పెద్ద దుర్బిన్ నీ మాట మీద తిరిగింది. ఇప్పుడు చెప్పలేనంటవా?"

"నా మాట మీద తిరిగింది గాబట్టే అంటున్న" అంది కృష్ణకుమారి.

లక్ష్మీనర్సయ్య కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చుని, జేబులోంచి తన కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు.

"ఇంకోటి తియ్యి. నేను గూడ చూస్త" అన్నాడు.